మా ఏటిగట్టు పక్క ఇంటాయన: అన్నయ్యకీ నాకూ ఇంకా తెగని తగువు

గట్టుదిగువ అమ్మాయి | శుక్రవారం రాత్రి 9:40

మాది కోనసీమ. గోదారి పాయ గౌతమి కుడిగట్టు కింద, ముక్తేశ్వరం రేవుకి కాస్త దిగువన ఊరు. పేరెందుకులెండి. మా పెరడు దాటితే బోదె (చిన్న కాలవ), బోదె దాటితే ఏటిగట్టు. గట్టుని ఆనుకుని ఒకే ఒక్క ఇల్లుండేది, లస్కరు గారిది. లాకుల దగ్గర లస్కరుగా, అంటే కాలవ లాకులూ గట్లూ కాపలా కాసే ఉద్యోగిగా, చేసి రిటైరై వచ్చాడట. ఒంటికాయ శొంఠికొమ్ము. పలకరిస్తే పలకడు. పెళ్ళికి పిలిస్తే రాడు, చావుకి మాత్రం వచ్చి దూరంగా నిలబడి వెళ్ళిపోయేవాడు. ఊళ్ళో పెద్దాళ్ళకి ఆయనంటే కోపమూ లేదు, ఇష్టమూ లేదు. పిల్లలకి మాత్రం హడలు.

ఎందుకంటే రోహిణీ కార్తె వెళ్ళి, ఏటికి ఎర్రనీరు (వరద కొత్తనీరు) రాబోయే రోజుల్లో రాత్రిళ్ళు లాంతరూ గునపం పట్టుకుని గట్టు వెంట తిరిగేవాడు. ఒకచోట వంగి గునపం దింపి, చాలాసేపు అక్కడే కూర్చునేవాడు. లంకెబిందెల కోసమని పెద్దపిల్లలు చెప్పేవాళ్ళు. దానికేం గానీ, అసలు భయం వేరే. పొద్దున్నే గేదెల్ని తోలుకెళ్తే గట్టు వాలు అడుగున ఎర్రటి నీళ్ళు మడుగు కట్టి కనిపించేవి. పక్కనే సున్నంతో గీసిన గీత, దాని మధ్యలో పాతిన వెదురుపుల్ల. చేతబడి కాకపోతే ఇంకేంటి చెప్పండి? అమ్మ అన్నయ్య మొలతాడుకి తాయెత్తు కట్టించింది. నాకు కట్టించలేదు, ఆ సంగతి వేరే చర్చాదారంలో మాట్లాడుకుందాం.

ఇక అసలు తగువు. మేం గట్టు మీంచి తాటిమట్టల మీద కూర్చుని జారేవాళ్ళం. అది చూశాడంటే ఆయన కర్ర తీసుకుని వచ్చేసేవాడు. తిట్టేవాడు కాదు, ఒక్క మాటా ఉండేది కాదు. కర్ర నేలకేసి టప టప కొట్టేవాడంతే, మేం లగెత్తేవాళ్ళం. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆయన దొడ్డి బయట, పుంత (బళ్ళదారి) పక్కన, పెద్ద ఇసుక కుప్ప వెలిసింది. దాని పక్కన తాటిమట్టలు. ఆ కుప్ప మీద జారితే ఆయన బయటికే వచ్చేవాడు కాదు. ఇక గట్టు జోలికి ఎవరు పోతారు?

ఆ ఇసుక మా కోసం పోయించాడని నేను. వరద కోసం దాచుకున్నాడని అన్నయ్య. పండక్కి వెళ్ళినప్పుడల్లా ఇదే రభస. వదిన విసిగిపోయి "పదిమందినీ అడగండి, నా వంటిల్లు వదలండి" అంది. అన్నయ్యకి లింకు పంపించాను, తన వాదన తనే చెప్పుకుంటాడు.

---

పాలకొల్లు బావ | శుక్రవారం రాత్రి 10:05

ముందు లంకెబిందెలు దొరికాయో లేదో చెప్పండమ్మా. మిగతాది తర్వాత చదువుతాను.

---

లేసు అల్లిక | శుక్రవారం రాత్రి 10:31

మా నరసాపురం దగ్గర ఇలాంటావిడే ఒకరుండేవారు. వీధి తలుపు తీయగా నేను చూడలేదు, దొడ్డిదారే. లేసు అల్లేవారు. మా వైపు ఇంటింటా అల్లికే కదా, షావుకారు దారం ఇచ్చి అల్లినదాన్నిబట్టి డబ్బులిచ్చేవాడు. మా అమ్మ కళ్ళు మందగించాక అమ్మ అల్లిక వంకర పోయేది. షావుకారు తిరగ్గొడతాడని అమ్మ భయం. ఆవిడ మా ఇంటి ముక్కలన్నీ తెప్పించుకుని, రాత్రికి విప్పి మళ్ళీ అల్లి పంపేసేవారు. అమ్మకి తెలియనివ్వద్దని నాతో ఒట్టు వేయించుకున్నారు. అమ్మ పోయేదాకా తన చేతిపని బాగానే ఉందనుకుంది.

నా ఓటు మీకేనండి, ఇసుక పిల్లల కోసమే.

---

పూతరేకు | శుక్రవారం రాత్రి 11:12

అందరూ ఒకలా ఉండరు మేడమ్. మా పక్కింటాయన కూడా ఎవరితోనూ మాట్లాడడు. ఏళ్ళ తరబడి చూశాను. లోపల దాచుకున్న మంచితనం ఏమీ లేదు, పీనాసి అంతే. మా గోడ మీద పడ్డ మామిడిపళ్ళు కూడా లెక్కపెట్టుకుని పట్టుకెళ్తాడు. మౌనంగా ఉన్నవాడల్లా మహానుభావుడు కాడు. మీ అన్నయ్యగారి మాట వినాలనుంది.

---

గట్టుమీద పెద్దోడు | శనివారం ఉదయం 6:20

చెల్లి సగం చెప్పి సగం నా నెత్తిన వదిలేసింది, ఎప్పట్లాగే.

86 ఆగస్టు. నాకు పదకొండేళ్ళు, తనకి ఎనిమిది. వారం నుంచీ ముసురు. భద్రాచలంలో నీళ్ళు 70 అడుగులు దాటాయని రేడియోలో విని మా నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఆఖరికి 75.6 దాకా వెళ్ళింది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 35 లక్షల క్యూసెక్కులని తర్వాతెప్పుడో తెలిసింది. మాకప్పుడు లెక్కలేం తెలుసు? గట్టు అంచున కూర్చుంటే పాదాలకి నీళ్ళు తగిలేంత పైకి వచ్చేసింది, అదీ మాకు తెలిసిన లెక్క. ఏటి మధ్య లంకల్లోంచి గడ్డివాములు, అరటిచెట్లు, చచ్చిన గేదెలు కొట్టుకొస్తున్నాయి. ఊళ్ళో మగాళ్ళంతా గట్టు మీదే. ఎత్తు తక్కువున్న చోటల్లా బస్తాలు వేస్తున్నారు. అందరి చూపూ ఏటివైపే.

లస్కరు గారు మాత్రం ఏటివైపు చూడట్లేదు. గట్టుకి ఇవతల, మా పెరళ్ళ వెంబడి, లాంతరు నేలకి దగ్గరగా పట్టుకుని వంగి నడుస్తున్నాడు. ఈ ముసలాడికి మతిపోయిందని ఎవరో అన్నారు కూడా.

అర్ధరాత్రి మా తలుపు కొట్టాడు. మా గడప దగ్గరికి ఆయన రావడం అదే మొదలు. నాన్నతో "గోతాలున్నాయా?" అన్నాడు. ఉన్నాయంటే "పట్రా" అన్నాడు. అంతే.

వెళ్ళి చూస్తే మా పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో నీళ్ళు అన్నం ఉడికినట్టు కుతకుతమని ఉబుకుతున్నాయి. ఆ నీళ్ళతోపాటు మెత్తటి ఇసుక పైకొచ్చి చుట్టూ పేరుకుంటోంది. గట్టేమో అంత దూరాన నిక్షేపంగా ఉంది. ఎవరో రాళ్ళు తెచ్చి కుక్కేద్దామన్నారు. అప్పుడు అరిచాడాయన. ఆ గొంతు ఊళ్ళో ఎవరూ విని ఎరగరు. "మూసేరంటే ఊరు పోద్ది! చుట్టూ కట్టండి, చుట్టూ!"

పుంత పక్కన ఆ కుప్పలోంచి ఇసుక యూరియా గోతాల్లోకి ఎత్తాం. ఆడాళ్ళు మూతులు కుట్టారు, మగాళ్ళు మోశారు. ఆ నీటి బుగ్గ చుట్టూ గుండ్రంగా, నడుమెత్తు దాకా బస్తాలు పేర్పించాడు. లోపల నీళ్ళు ఎక్కుతుంటే ఎక్కనిచ్చాడు. నన్ను పక్కన కూర్చోబెట్టి చెంబు చేతికిచ్చాడు. "ముంచు. లాంతరు ముందు పెట్టి చూడు. మట్టి రంగుంటే నన్ను పిలువు. తేటగా ఉంటే ఊరుకో." తెల్లవార్లూ నా డ్యూటీ అది. మొదట్లో ప్రతి చెంబూ బురద నీళ్ళే. పిలిచినప్పుడల్లా ఇంకో వరస వేయించేవాడు. కోడి కూసే వేళకి చెంబు అడుగున నా వేలు కనపడింది.

ఆ ఏడు చాలాచోట్ల గట్లు తెగాయి. మా దగ్గర తెగలేదు.

తర్వాత పెద్దలు శాలువా పట్టుకెళ్తే తలుపు తీయలేదు. మళ్ళీ మామూలే, అదే మౌనం.

ఇప్పుడు చెప్పండి. వరదలో అక్కరకొచ్చిన ఇసుక పిల్లల ఆటకి పోయించాడంటే ఎలా నమ్మాలి? ఉద్యోగమంతా లాకుల మీద చేసిన మనిషి, ముందుచూపుతో నిలవ పెట్టుకున్నాడు. అది గొప్ప కాదా? చెల్లి ఆ రాత్రంతా స్కూలు అరుగు మీద నిద్రపోయింది కాబట్టి తనకి జారుడే గుర్తు.

---

లంక మాస్టారు | శనివారం ఉదయం 8:02

బాబూ, కళ్ళకి కట్టావు. మాది ఆ ఎదుటి లంకల్లోదే. మా పాక ఆ వారమే పోయింది, పడవ మీద కోటిపల్లి వైపు చేరాం. ఇప్పటి పిల్లలకి ఒక మాట. ఇవాళ ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని సెల్‌ఫోనుకి మెసేజీ వస్తుంది. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటినా మనుషులు ముందే కదిలారంటే అందుకే. ఆ రోజుల్లో దండోరా, రేడియో, లస్కరు. ఈ మూడే.

లస్కరంటే చిన్న ఉద్యోగమని చులకన చేసేవాళ్ళు. గట్టు మీద ఫలానా రాయి నుంచి ఫలానా రాయి దాకా అతని పహరా. ఆ మేరకి ఏ తుమ్మచెట్టు వేరు ఎటు పోయిందో కూడా అతనికే తెలియాలి.

---

కాలవ ఇంజనీరు, రిటైర్డ్ | శనివారం ఉదయం 10:47

డెల్టాలో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి నాలుగు ముక్కలు.

అమ్మాయిగారూ, మీ ఎర్రనీళ్ళు చేతబడి కాదు, పరీక్ష. గట్టులో ఎలకలు, పందికొక్కులు, పీతలు బొరియలు పెడతాయి. ఏటివైపు ఒక నోరు, ఊరివైపు ఒక నోరు ఉంటే వరదొచ్చినప్పుడు నీళ్ళకి దారి తయారుగా ఉన్నట్టే. అందుకని వరదకి ముందే ఏటివైపు బొరియలో రంగు కలిపిన నీళ్ళు బిందెలతో పోస్తారు. ఊరివైపు వాలు కింద ఆ రంగు తేలిందంటే బొరియ అటూ ఇటూ కలిసిందని. సున్నం గీత, పుల్ల తవ్వాల్సిన చోటుకి గుర్తు. నోరు ఒక్కటే మూస్తే లాభం లేదు, చివరిదాకా తవ్వి జిగురుమట్టి పొరలు పొరలుగా వేసి దిమ్మిసతో కొట్టాలి. ఒంటరి మనిషి రాత్రిళ్ళు అది చేశాడంటే, కొట్టే పని పగలు ఎప్పుడు చేశాడో మరి.

పెద్దోడు చెప్పిన బుగ్గ సంగతి. గట్టు మీంచి నీళ్ళు పొర్లి తెగడం అందరికీ తెలుసు. కంటికి కనపడకుండా కొంప ముంచేది అడుగు నుంచి. ఏట్లో నీళ్ళు పైన, ఊరు కింద. ఆ ఒత్తిడికి నీళ్ళు గట్టు కింది ఇసుకపొరల్లోంచి దూరి ఇవతల పైకి లేస్తాయి. తేటగా వస్తే పర్వాలేదు. మట్టి మోసుకొస్తుంటే లోపల గట్టు ఖాళీ అవుతోందని అర్థం. రాళ్ళు కుక్కితే నీళ్ళు ఆగవు, పక్కన ఇంకో చోట లేస్తాయి. చుట్టూ బస్తాలు కట్టి లోపల మట్టం పెంచితే ఎదురు బరువు పడి వేగం తగ్గుతుంది, మట్టి కదలడం ఆగుతుంది. మేం పుస్తకాల్లో చదివింది ఆయన లాంతరు వెలుగులో చేశాడు.

అందరూ ఏటివైపు చూస్తుంటే తను ఊరివైపు చూశాడన్నారే, అక్కడే తెలిసిపోయింది నాకు.

ఇసుక ఎవరికోసమన్నది తర్వాత చెప్తాను. ముందు ఒకటి అడగాలి. ఆ కుప్ప సరిగ్గా ఎక్కడ ఉండేది? గట్టు మీదా, కిందా?

---

గట్టుదిగువ అమ్మాయి | శనివారం మధ్యాహ్నం 1:15

కిందేనండి. పుంత పల్లంలో, ఆయన దొడ్డి కంచెకి ఇవతల. పంపరపనస చెట్టు నీడ పడేది దాని మీద. అందుకే మధ్యాహ్నం కూడా ఆడేవాళ్ళం.

అన్నయ్యా, స్కూలు అరుగు మీద నిద్రపోయానన్నావు. నిద్రపోయాను నిజమే, నీ తాయెత్తు నా గుప్పిట్లో పెట్టి వెళ్ళావు కాబట్టి.

నా సాక్ష్యం వినండి. తాటిమట్ట అంచులకి నల్లటి రంపపు పళ్ళుంటాయి కదా. గట్టు మీద జారేటప్పుడు మేం తెచ్చుకున్న మట్టలతో తొడలు గీరుకుపోయేవి, నాకు ఎడమ తొడ మీద మచ్చ ఇప్పటికీ ఉంది. ఇసుక కుప్ప దగ్గరున్న మట్టలకి పళ్ళు లేవు! రెండు వైపులా కత్తితో చెక్కేసి, నున్నగా, చెయ్యి పెట్టి రాస్తే జారిపోయేలా ఉండేవి. కూర్చునే చోట కాస్త వెడల్పుగా కూడా. వరదకి తాటిమట్టలెందుకు? వాటికి పళ్ళు చెక్కడమెందుకు?

ఇసుక తోలిన బండాయన్ని కూడా పట్టుకుని అడిగాను, నా పెళ్ళికి ముందు. "ఇంత ఇసుకెందుకండీ అన్నానమ్మా. పొయ్యి అన్నాడు. పోశాను" అన్నాడు. ఆ సాక్షి వల్ల ఉపయోగం లేదు.

---

గట్టుమీద పెద్దోడు | శనివారం మధ్యాహ్నం 2:30

మట్టలు దడికి చెక్కుకున్నాడేమో.

---

గట్టుదిగువ అమ్మాయి | శనివారం మధ్యాహ్నం 2:34

దడికి పళ్ళుంటేనే మంచిది, మేక దూరదు. కొబ్బరితోట చేస్తున్నావు, నీకు నేను చెప్పాలా?

---

పాలకొల్లు బావ | శనివారం మధ్యాహ్నం 2:51

చెల్లెమ్మకి ఒక పాయింటు. ఈలోగా ఎర్రనీరు అన్నారు కాబట్టి అడుగుతున్నా, ఈసారి పులస చేప ఎక్కడ దొరికింది ఎవరికైనా? మా బావమరిది యానాంలో రేటు అడిగి ఫోను పెట్టేశాడు.

---

గోదారి గాలి (నిర్వాహకులు) | శనివారం మధ్యాహ్నం 3:10

బావగారూ, పులసకి వేరే దారం ఉంది. మూడు పేజీలు నడుస్తోంది, అక్కడికి దయచేయండి.

---

పూతరేకు | శనివారం సాయంత్రం 5:44

తాటిమట్ట పళ్ళ దగ్గర నేను మెత్తబడ్డాను. కానీ నాకింకోటి అనుమానం. ఆయనెందుకలా ఒంటరిగా ఉండిపోయాడు? పిల్లల్ని పోగొట్టుకున్నాడేమో? 1953 వరదలో ఎవరైనా పోయారేమో? అలాంటిదేదో ఉండుంటుంది.

---

లంక మాస్టారు | శనివారం రాత్రి 7:20

ఉండొచ్చు, లేకపోనూవచ్చు. 53 వరద పెద్దదే, మా నాన్నగారు జీవితాంతం దాని గురించే చెప్పారు. కానీ మాట్లాడని ప్రతి మనిషి వెనకా ఒక చావు పెట్టడం మనకి అలవాటైపోయింది. కొందరికి మాట్లాడటం ఇష్టం ఉండదు నాయనా. లాకు దగ్గర ఏళ్ళ తరబడి ఒక్కడే ఉన్న మనిషికి ఊరి సొద భరించలేనిదిగా ఉండొచ్చు. ఆయన చెప్పనిది మనమెందుకు కల్పించాలి?

---

గట్టుమీద పెద్దోడు | శనివారం రాత్రి 9:05

మాస్టారి మాటే నా మాట. ఆయన గురించి మాకు తెలిసింది ఒక పుస్తకం మేరకే. అదెలా దొరికిందో చెప్తాను.

1996 నవంబరు 6 రాత్రి తుపాను ఇక్కడెవరికీ చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి మా తోటలో నిలబడ్డ చెట్లు లెక్కపెట్టుకునేలా ఉన్నాయి, నాన్న చెట్ల మధ్య కూర్చుని లేవలేదు. నేనప్పుడు కాకినాడలో చదువుతున్నా. దారుల మీద పడ్డ చెట్లు నరుక్కుంటూ ఊరు చేరేసరికి ఆలస్యమైంది. లస్కరు గారి పెంకులన్నీ లేచిపోయాయి. ఎవరూ అటు చూడలేదు, ఎవరి కొంప వాళ్ళకే ఉంది. చెల్లి అన్నం పట్టుకెళ్తానంటే నేనూ వెళ్ళాను.

వాకిట్లో నోటు పుస్తకాలు ఆరేసి ఉన్నాయి. గాలికి ఎగరకుండా ఒక్కోదాని మీద ఒక్కో పెంకుముక్క. తడిసి పేజీలు అంటుకుపోయాయి చాలావాటికి. నేను ఒకటి విప్పబోతే "అది చదివి ఏం చేస్తావు, పైకప్పు చూడు" అన్నాడు. 86 తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

తాటాకు కప్పాం. చెల్లి ఆకు అందించింది, నేను పైకెక్కి కట్టాను. దిగాక అడిగితే ఆరిన పుస్తకం ఒకటి ఇచ్చేశాడు. ఇప్పటికీ నా దగ్గరుంది. కాపీయింగ్ పెన్సిలు రాత, తడిసిన చోటల్లా ఊదారంగు పాకింది. తేదీ, ధవళేశ్వరం మట్టం, రాయి నంబరు, పక్కన "ఎలక. తవ్వి కొట్టాను", "పీత. చిన్నది", "ఊట. తేట". పేజీల కొద్దీ ఇదే. ఇవన్నీ రిటైరయ్యాక రాసినవి! జీతం లేదు, చెప్పినవాడూ లేడు. మధ్యమధ్య ఖర్చు లెక్కలు. సున్నం, రంగు, కూలీ ఒకడికి. పింఛనులోంచే.

ఇసుక కూడా ఉంది అందులో. "ఇసుక 4 బళ్ళు", బండికింతని. అంతే, ఎందుకో రాయలేదు. ముందు రోజు మాత్రం రాయి నంబరు వేసి "వాలు కోసుకుపోయింది. పిల్లలు" అని ఉంది. జారి జారి మేం చేసిన గాడి అది. వానకి అలాంటి గాడిలోంచే గట్టు కరుగుతుంది కాబట్టి తరిమాడు, అది నేనూ ఒప్పుకుంటా.

---

గట్టుదిగువ అమ్మాయి | శనివారం రాత్రి 9:11

ఆగు. ముందు రోజు "పిల్లలు" అని రాసి, మర్నాడు "ఇసుక" అని రాసి ఉందా? ఇన్నేళ్ళుగా ఈ పేజీ నాకెందుకు చూపించలేదు?

---

గట్టుమీద పెద్దోడు | శనివారం రాత్రి 9:19

నువ్వడగలేదు. పుస్తకం బీరువాలోనే ఉంది.

---

లేసు అల్లిక | శనివారం రాత్రి 9:22

అబ్బ, అన్నాచెల్లెళ్ళంటే ఇంతేనండి. బీరువాలో సాక్ష్యం పెట్టుకుని ఇన్నేళ్ళు వాదించారు!

---

కాలవ ఇంజనీరు, రిటైర్డ్ | ఆదివారం ఉదయం 7:30

రాత్రి చదివి, తెల్లారాక రాద్దామని ఆగాను.

వరద కోసం నిలవ పెట్టే ఇసుకైనా, బస్తాలైనా, సరుగుడు కర్రలైనా గట్టు పైనే పెడతాం. ఎందుకంటే ముంపు మొదలైతే పల్లంలో ఉన్న ఇసుక నీళ్ళ కిందకి పోతుంది, లేదా తడిసి బరువెక్కి గట్టెక్కించడానికి మనుషులు చాలరు. ఇది కొత్తగా చేరిన లస్కరుకి కూడా మొదట నేర్పే పాఠం. పంపరపనస చెట్టు నీడలో, పుంత పల్లంలో వరద ఇసుక పోయించే లస్కరు ఉండడు. పైగా మీ పెద్దాయన లాంటి మనిషి అస్సలు పోయించడు. పిల్లల్ని గట్టు నుంచి దించాలంటే వాళ్ళకి ఇంకో జారుడు చూపించాలి. ఆ కుప్ప అందుకే.

86లో అదే ఇసుక వాడారు కదా అంటారు. బుగ్గ మీ పెరట్లో లేచింది కాబట్టి, కుప్ప పల్లంలో ఉండటం కలిసొచ్చింది. దాన్ని ముందుచూపు అనలేం, అదృష్టం.

పెద్దోడూ, తీర్పు మీ చెల్లెలికే.

---

గట్టుమీద పెద్దోడు | ఆదివారం ఉదయం 8:15

ఇంజనీరు గారు చెప్పాక ఏమంటాను. గట్టు కోసం పిల్లల్ని దించాడు. పిల్లల కోసం కాదు, గట్టు కోసం. ఇక్కడ దాకా ఒప్పుకుంటా.

---

గట్టుదిగువ అమ్మాయి | ఆదివారం ఉదయం 8:17

మరి పళ్ళెందుకు చెక్కాడు?

---

గట్టుమీద పెద్దోడు | ఆదివారం ఉదయం 8:40

సరే. పళ్ళు మీ కోసమే చెక్కాడు. టిఫిను చేయనిస్తావా?

---

పాలకొల్లు బావ | ఆదివారం ఉదయం 8:52

ఆయ్, తగువు తెగింది. వదినగారి వంటింటికి మోక్షం.

---

పూతరేకు | ఆదివారం ఉదయం 9:30

ఇంతకీ ఆ ఇల్లు ఇప్పుడుందా? ఈసారి అటొస్తే చూడాలనుంది.

---

గట్టుమీద పెద్దోడు | ఆదివారం ఉదయం 10:10

లేదండి. తుపాను తర్వాత రెండు మూడేళ్ళకి పోయారు. దూరపు బంధువెవరో వచ్చి స్థలం అమ్ముకున్నారు. అది చేతులు మారి మారి, పోయినేడు రొయ్యల చెరువు తవ్వేశారు. పంపరపనస చెట్టూ లేదు, పుంతా సగం చెరువులోకి పోయింది. గట్టు మీద తారురోడ్డు వేశారు, బళ్ళు తిరుగుతున్నాయి, చూడ్డానికి బాగానే ఉంటుంది. వాలు మీద సర్కారుతుమ్మ ఎంత దట్టంగా పెరిగిందంటే కింద బొరియ ఉన్నా కంటికి ఆనదు. గట్టు వెంట నడిచి చూసే మనిషి కనపడి చాన్నాళ్ళైంది.

---

కాలవ ఇంజనీరు, రిటైర్డ్ | ఆదివారం ఉదయం 10:26

ఆగండాగండి. గట్టు అడుక్కి ఎంత దూరంలో తవ్వారు చెరువు?

---

గట్టుమీద పెద్దోడు | ఆదివారం ఉదయం 10:31

ఆనుకునే. నా కొబ్బరిచెట్టు పొడవు కూడా ఉండదు మధ్యలో.

---

కాలవ ఇంజనీరు, రిటైర్డ్ | ఆదివారం ఉదయం 10:58

ఇది తేలిగ్గా తీసుకోవద్దు. 86లో బుగ్గ లేచింది ఆ చుట్టుపక్కలే. గట్టు కింద నీళ్ళు దూరి ఇవతలికి రావడానికి అక్కడ ఒక దారి ఉందని ముందే రుజువైంది. ఊరివైపు అంత దగ్గర్లో గొయ్యి తవ్వితే రెండు నష్టాలు. నీళ్ళు నడవాల్సిన దూరం తగ్గిపోతుంది. పైన అణిచిపెట్టి ఉంచే బంకమట్టి పొర పోతుంది. చెరువు నిండుగా ఉన్నంతకాలం ఏం కాదు. వరద రోజుల్లో పంట పట్టి నీళ్ళు తోడేశారనుకోండి, అప్పుడు చూడాలి. 2006 ఆగస్టులో కోనసీమలో గట్లు తెగి ఊళ్ళు మునగడం మీరూ చూశారు.

అర్జీ పెట్టండి. రాయి నంబరు, గట్టు అడుగు నుంచి చెరువు అంచుకి దూరం టేపు పెట్టి కొలిచి, 1986లో ఆ చుట్టుపక్కల బుగ్గ లేచిందన్న సంగతి. ఈ మూడూ తప్పకుండా ఉండాలి. "గట్టుకి ప్రమాదం" అని ఊరికే రాస్తే ఫైల్లో పడుంటుంది.

---

గట్టుదిగువ అమ్మాయి | ఆదివారం ఉదయం 11:20

అన్నయ్యా, ఆ పుస్తకంలో 86 పేజీ ఉందా? ఉంటే ఫోటో తీసి అర్జీకి జత చెయ్యి. నేనూ సంతకం పెడతా, ఇంటి పట్టాలో నా పేరూ ఉంది.

---

గట్టుమీద పెద్దోడు | ఆదివారం మధ్యాహ్నం 12:45

ఉంది. "ఊట. మట్టి. బస్తాలు 3 వరసలు. తెల్లారి తేట." రాయి నంబరు కూడా స్పష్టంగానే ఉంది. టేపు పట్టుకోవడానికి మా చిన్నాడిని తీసుకుని వెళ్ళొచ్చాను, గట్టు అడుగు నుంచి చెరువు అంచుకి సరిగ్గా 9 మీటర్లు. రేపు సోమవారం, అమలాపురం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. మొదటి బస్సుకి వెళ్తాను. సాయంత్రంలోగా రాసింది ఇక్కడ పెడతా. ఇంజనీరు గారూ, తప్పులుంటే రాత్రికే చెప్పండి.